పసిబిడ్డల్లో, చిన్నపిల్లల్లో మలబద్ధకం: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టిన నాటి నుంచి అయిదారేళ్ల వరకు ఉన్న పిల్లల గురించిన జవాబులివి. మందుల మోతాదులు బిడ్డ బరువును బట్టి మారతాయి. డాక్టరు రాసిన చీటీ మీకు అర్థం కావడానికే వాటిని ఇక్కడ చెప్పాం, చూసి సొంతంగా వేయడానికి కాదు. ఏడాదిలోపు బిడ్డకైతే డాక్టరును అడగకుండా ఏ విరేచనం మందూ వేయొద్దు.

మూడు రోజులుగా దొడ్డికి వెళ్లలేదు. మలబద్ధకమేనా?

రోజులు లెక్కపెడితే తేలదు. వచ్చిన మలం ఎలా ఉంది, వచ్చేటప్పుడు నొప్పి ఉందా అన్నదే చూడాలి. మూడు రోజులకోసారి మెత్తగా, ఏడవకుండా వెళ్లే బిడ్డకు మలబద్ధకం లేదు. రోజూ వెళ్తున్నా, ముక్కి ముక్కి మేక పెంటికల్లాంటి గట్టి ఉండలు నాలుగు రాల్చి లేచే బిడ్డకు ఉంది.

డాక్టర్లు మలాన్ని 7 రకాలుగా చూపే బ్రిస్టల్ పట్టికను వాడతారు. 1 అంటే విడివిడి గట్టి ఉండలు. 2 అంటే ఉండలన్నీ అతుక్కుని కట్టెలా గట్టిపడినది. 4 అంటే నున్నగా, మెత్తగా జారేది. 7 అంటే నీళ్లు. పిల్లల్లో 4 గానీ 5 గానీ ఉంటే బాగున్నట్టు. 1, 2 కనబడుతుంటే పట్టించుకోవాలి. వారానికి రెండుసార్లు లేదా అంతకంటే తక్కువగా వెళ్లడం, గట్టిగా నొప్పితో రావడం, బిడ్డ వయసుకు నమ్మలేనంత లావుగా రావడం, కావాలని ఆపుకోవడం, పరీక్షలో పురీషనాళంలో (మలం నిలిచే పేగు చివరి భాగంలో) గట్టి మలం పెద్ద గడ్డగా తగలడం: నాలుగేళ్లలోపు పిల్లల్లో వీటిలో ఏ రెండైనా నెల రోజులు ఉంటే మలబద్ధకమని తేలుస్తారు.

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ వారం రోజులుగా వెళ్లలేదు. ఏం చేయాలి?

బిడ్డకు ఎన్ని వారాలన్నది ముందు చూడండి. ఆరు వారాలు దాటి, బరువు పెరుగుతూ, మూత్రం బాగా పోస్తూ, పొట్ట మెత్తగా ఉంటే ఏమీ చేయక్కర్లేదు. ఆ వయసులో తల్లిపాలు దాదాపుగా ఒంటబట్టేస్తాయి, మిగిలేది తక్కువ. వారం, పది రోజులకోసారి వెళ్లే పిల్లలూ ఉంటారు. వెళ్లినప్పుడు మెత్తగా, బోలెడంత వస్తుంది.

మొదటి ఆరు వారాల్లో లెక్క వేరు. నాలుగైదో రోజు నుంచి బిడ్డ రోజుకు కనీసం రెండు మూడుసార్లు పసుపు రంగులో వెళ్లాలి. ఒక రోజంతా వెళ్లకపోతే మలబద్ధకం కంటే ముందు పాలు చాలడం లేదేమోనని అనుమానించాలి. రొమ్ము సరిగ్గా పట్టుకుంటున్నాడా, బరువు పెరుగుతున్నాడా అన్నది చూపించుకోండి.

రెండు నెలల పాప మొహం ఎర్రబడేలా పది పదిహేను నిమిషాలు ముక్కుతూ ఏడుస్తుంది. తీరా వచ్చేది మెత్తగానే ఉంటుంది. ఎందుకు?

ఇది మలబద్ధకం కాదు. మలం బయటికి రావాలంటే పొట్టను బిగించాలి, అదే సమయంలో కింది కండరాలను వదలాలి. ఈ రెండూ ఒకేసారి చేయడం పసిబిడ్డకు ఇంకా రాదు. పైన తోస్తూ కింద బిగిస్తుంది. వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, తొమ్మిది నెలల తర్వాత ఇలా ఉండదు. థర్మామీటరు కొన, దూది పుల్ల పెట్టి కదిలించడం వల్ల అప్పటికి పని అవుతుంది గానీ, ఆ కదలిక లేకుండా వెళ్లడం బిడ్డ నేర్చుకోవడం ఆలస్యమవుతుంది, లోపలి పొర గీసుకుపోయే ప్రమాదమూ ఉంది. మోకాళ్లు పొట్ట వైపు మడిచి పట్టుకోండి, అంతవరకు చాలు.

డబ్బా పాలు మొదలుపెట్టాక గట్టిపడింది. డబ్బా మార్చాలా?

ముందు కలిపే తీరు చూడండి. సీసాలో మొదట నీళ్లు కొలిచి పోసి, తర్వాత పొడి వేయాలి. పొడి ముందు వేసి గీత దాకా నీళ్లు పోస్తే నీళ్లు తగ్గి పాలు చిక్కబడతాయి. స్కూపును నొక్కి నింపకుండా, పైన కత్తి వీపుతో చదును చేయాలి. ఒక డబ్బా స్కూపు ఇంకో డబ్బాకు పనికిరాదు: ఒక కంపెనీది 30 మి.లీ. నీళ్లకు, ఇంకొకరిది 60 మి.లీ.కు ఉండొచ్చు. ‘కడుపు నిండుతుంది’ అని అదనంగా అర స్కూపు వేసే అలవాటే చాలా ఇళ్లలో అసలు కారణం. మలాన్ని వదులు చేద్దామని పాలు పలుచన చేయడమూ తప్పే, బిడ్డకు పోషణ తగ్గుతుంది, ఒంట్లో ఉప్పు సమతూకం చెడుతుంది.

కలిపేది సరిగ్గానే ఉంటే రెండు వారాలు చూడండి. తల్లిపాల మలంకన్నా డబ్బా పాల మలం చిక్కగా ఉండడం మామూలే. ఐరన్ కలిపిన పొడి వల్లనే బిగుసుకుందని ఐరన్ తక్కువ ఉన్నది కొనడం మంచి పని కాదు. ఆ మోతాదు ఐరన్‌తో మలం ఆకుపచ్చగా మారుతుందేమో గానీ మలబద్ధకం రాదు, బిడ్డకు మాత్రం ఐరన్ అవసరం. చుక్కల రూపంలో విడిగా ఇచ్చే ఐరన్ మందు సంగతి వేరు, అది కొందరిలో బిగించగలదు. ఇబ్బందిగా ఉంటే డాక్టరుకు చెప్పండి, మీరుగా ఆపకండి.

నీళ్లు, పళ్ల రసం, తేనె ఇవ్వొచ్చా?

ఆరు నెలల లోపు బిడ్డకు విడిగా నీళ్లు వద్దు. ఎండాకాలంలో కూడా పాలలోని నీరే చాలు.

ఆరు నెలలు దాటాక ఎండు ప్లమ్, బేరి, ఆపిల్ రసం పనికొస్తుంది. వీటిలోని సార్బిటాల్ అనే చక్కెర పేగులో పూర్తిగా ఇంకదు, నీటిని తనవైపు లాక్కుని మలాన్ని వదులు చేస్తుంది. 30 మి.లీ.తో మొదలుపెట్టి, అవసరమైతే 60 నుంచి 120 మి.లీ. వరకు రోజు మొత్తంలో ఇవ్వొచ్చు. నారింజ రసానికి ఈ గుణం లేదు. రసాన్ని మందులా నాలుగు రోజులు వాడి ఆపేయాలి, రోజూ ఇచ్చే పానీయంగా మార్చొద్దు.

ఏడాదిలోపు తేనె ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో ఉండగలిగే బొటులిజం సూక్ష్మజీవి పసిబిడ్డ పేగులో పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. విచిత్రమేమిటంటే ఆ జబ్బు మొట్టమొదటి లక్షణాల్లో మలబద్ధకం ఒకటి. మలబద్ధకంతో పాటు ఏడుపు బలహీనపడినా, పాలు పీల్చలేకపోయినా, మెడ వాలినా, రెప్పలు వాలిపోతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అన్నీ తినిపించడం మొదలుపెట్టాక బిగుసుకుంది. ఏం తగ్గించాలి, ఏం పెంచాలి?

పిల్లల్లో మలబద్ధకం ఎక్కువగా మొదలయ్యే మూడు ఘట్టాల్లో ఇది మొదటిది. మిగతా రెండు టాయిలెట్ అలవాటు చేసే వయసు, బడికి వెళ్లడం. పాలు తగ్గి నీళ్లు పెరగకపోవడం, తొక్కా పిప్పీ తీసేసిన పిండి పదార్థాలే ఎక్కువ కావడం ఇక్కడ కారణాలు. తినిపించినప్పుడల్లా రెండు మూడు గుక్కల నీళ్లు తాగించండి. మెత్తగా చేసిన బేరి, ప్లమ్, పీచ్, పచ్చి బఠాణీ, ఓట్స్ చేర్చండి.

ఏడాది దాటాక పాలు ఎంత?

రోజుకు 400 నుంచి 500 మి.లీ. దాటనివ్వొద్దు. రోజుకు లీటరు పాలు తాగే రెండేళ్ల బిడ్డకు అన్నానికి ఆకలి ఉండదు, పీచు అందదు, ఐరన్ కూడా తగ్గిపోతుంది. సీసా మాన్పించి గ్లాసుకు మార్చితే పరిమాణం దానంతటదే దిగుతుంది.

మందులకు లొంగని మలబద్ధకం కొద్దిమంది పిల్లల్లో ఆవుపాల ప్రోటీన్ పడకపోవడం వల్ల రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో 2 నుంచి 4 వారాలు ఆవుపాల పదార్థాలన్నీ ఆపి చూస్తారు. తేడా లేకపోతే మళ్లీ మొదలుపెట్టాలి.

పీచు ఎక్కువ పెడితే తగ్గిపోతుందా?

కొంతవరకే. రెండేళ్లు దాటిన బిడ్డకు వయసుకు 5 కలిపితే రోజుకు కావలసిన పీచు గ్రాముల్లో వస్తుంది: మూడేళ్లకు 8 గ్రాములు. తొక్కతో ఒక బేరిపండు 5 గ్రాములు, ఒక అరటిపండు 3 గ్రాములు, అర కప్పు ఉడికిన బఠాణీ 4 గ్రాములు. అంటే రెండు పళ్లతోనే లెక్క నిండిపోతుంది. అంతకు మించి పీచు గుప్పిస్తే లాభమని రుజువు లేదు. నీళ్ల సంగతీ అంతే. ఏడాది నుంచి మూడేళ్ల బిడ్డకు పాలు, తిండిలోని తేమతో సహా రోజుకు 1.3 లీటర్ల ద్రవం చాలు. అంతకు మించి తాగిస్తే మూత్రంలో పోతుందే తప్ప మలాన్ని మెత్తబరచదు.

ఇప్పటికే లోపల గట్టి మలం అడ్డుపడి ఉన్న బిడ్డకు తవుడు, ఇసబ్‌గోల్ లాంటివి పెడితే ఆ గడ్డ ఇంకా లావవుతుంది. ముందు లోపలున్నది బయటికి రావాలి, పీచు తర్వాత.

వస్తున్నప్పుడల్లా మూలకు వెళ్లి కాళ్లు బిగించి నిలబడుతుంది. ముక్కుతోందా?

ముక్కడం లేదు, ఆపుకుంటోంది. ఈ తేడాను పెద్దలు చాలాసార్లు పోల్చుకోలేరు. మునివేళ్ల మీద నిలబడడం, కాళ్లు మెలివేయడం, పిరుదులు బిగించడం, సోఫా వెనక దాక్కోవడం, మొహం ఎర్రబడడం: ఇవన్నీ మలాన్ని వెనక్కి నెట్టే ప్రయత్నాలు. ఏదో ఒక రోజు గట్టిగా వచ్చి నొప్పి పుట్టింది, రెండోసారి ఆ నొప్పికి భయపడి ఆపేసింది. ఆగిన కొద్దీ పెద్దపేగు అందులోని నీటిని పీల్చేస్తుంది, మలం ఇంకా గట్టిపడి, ఇంకా లావవుతుంది. తర్వాతి సారి మరింత నొప్పి. వారాల తరబడి ఇలా సాగితే పురీషనాళం సాగిపోయి, నిండిన సంగతే తెలియకుండా పోతుంది.

అందుకే ఇక్కడ తిండి మార్పులు, నచ్చజెప్పడాలు ఒక్కటే సరిపోవు. నొప్పి లేకుండా వస్తుందన్న నమ్మకం బిడ్డ ఒంటికి కలగాలి. అది కొన్ని వారాల పాటు వరసగా మెత్తటి మలం వస్తేనే కలుగుతుంది.

రోజంతా చెడ్డీకి పల్చగా అంటుకుంటోంది. విరేచనాలు ఆపే మందు వేయాలా?

వద్దు. గట్టి గడ్డ లోపల అడ్డంగా ఉంటే, దాని పైనున్న పల్చటి మలం పక్కల నుంచి కారుతుంది. చూడ్డానికి విరేచనాల్లా ఉంటుంది. విరేచనాలు ఆపే మందు వేస్తే పరిస్థితి మరింత బిగుసుకుంటుంది. బిడ్డకు ఇది కారుతున్నట్టు తెలియదు, వాసన కూడా పట్టుబడదు. తిట్టడం, తోటి పిల్లల ముందు ఎత్తిచూపడం అన్యాయం. నిండిన పురీషనాళం మూత్రాశయాన్ని నొక్కడం వల్ల పక్క తడపడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు రావడం కూడా ఉంటుంది. మలబద్ధకం తగ్గితే అవీ తగ్గుతాయి.

డాక్టర్లు ఏ మందు రాస్తారు? ఎలా కలపాలి?

మొదటి వరస మందు మాక్రోగాల్, అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. ఇది ఒంటికి పట్టదు. తాగిన నీళ్లను పేగులోనే పట్టి ఉంచి మలంలో కలుపుతుంది. అది దొరకకపోతే లేదా బిడ్డ చాలా చిన్నదైతే లాక్టులోస్ సిరప్ రాస్తారు. దానితో గ్యాసు, పొట్ట ఉబ్బరం కొంచెం ఎక్కువ.

గడ్డ అడ్డుపడి ఉంటే ముందు దాన్ని తొలగించాలి: కిలోకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల మాక్రోగాల్, 3 నుంచి 6 రోజులు. 12 కిలోల బిడ్డకు ఇది రోజుకు 12 నుంచి 18 గ్రాములు. ఈ రోజుల్లో చెడ్డీ పాడవడం, పొట్ట మెలిపెట్టడం ఎక్కువవుతాయి. అది మందు పనిచేస్తున్న గుర్తు. ఇక్కడ జరిగే పొరపాటు, మొదటి పల్చటి విరేచనం చూసి ఆపేయడం. వచ్చింది పక్కనుంచి కారిన నీళ్లే కావచ్చు, గడ్డ అలాగే ఉంటుంది. ఉండలు లేకుండా పల్చగా వచ్చేదాకా కొనసాగించమని డాక్టర్లు చెబుతారు. బడికి సెలవు ఉన్న రోజుల్లో మొదలుపెట్టడం తెలివైన పని.

ఆ తర్వాత నిలకడ మోతాదు: సాధారణంగా కిలోకు 0.4 గ్రాములతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 0.2 నుంచి 0.8 మధ్య సర్దుతారు. 12 కిలోల బిడ్డకు దాదాపు 5 గ్రాములు. లాక్టులోస్ అయితే కిలోకు 1 నుంచి 2 గ్రాములు. ఎక్కువ సీసాల్లో 15 మి.లీ.కు 10 గ్రాములు ఉంటుంది, మీ సీసా మీద ఎంతుందో చదివి చూసుకోండి.

పొడిని పొట్లం మీద చెప్పినన్ని నీళ్లలోనే కలపండి. గుక్కెడు నీళ్లలో చిక్కగా కలిపితే పనిచేసే నీళ్లే తక్కువవుతాయి. పొడి పూర్తిగా కరిగేదాకా తిప్పాలి. ఉప్పులు కలవని రకానికి రుచి ఉండదు, ఉప్పులున్నది కొంచెం ఉప్పగా ఉంటుంది. చల్లగా ఇస్తే తాగడం తేలిక. ఫలితం ఒకటి నుంచి మూడు రోజుల్లో కనబడుతుంది కాబట్టి మోతాదును రోజూ మార్చకండి. రెండు మూడు రోజులు చూసి కొంచెం పెంచడమో తగ్గించడమో చేయాలి.

అలవాటు పడిపోతాడేమో?

మాక్రోగాల్‌కు, లాక్టులోస్‌కు పేగు బానిస కాదు. అవి పేగును నడిపించవు, మలంలో నీళ్లు నిలుపుతాయి, అంతే. మందు కంటే, సాగిపోయిన పురీషనాళాన్ని అలాగే వదిలేయడమే ఎక్కువ నష్టం.

నిలకడ మోతాదు కనీసం రెండు నెలలు సాగాలి. లక్షణాలు పూర్తిగా పోయి కనీసం నెల గడిచాక నెమ్మదిగా తగ్గించాలి, ఒక్కసారిగా ఆపొద్దు. టాయిలెట్ నేర్చుకునే వయసులో ఉంటే ఆ అలవాటు కుదిరేదాకా కొనసాగిస్తారు. ‘రెండు వారాలు బాగుంది, మానేశాం, మళ్లీ వచ్చింది’ అన్నది మలబద్ధకం తిరగబెట్టే కథల్లో సర్వసాధారణం. నిపుణుల దాకా వెళ్లాల్సి వచ్చిన పిల్లల్లో సగం మంది ఆరు నెలల నుంచి ఏడాదిలో మందులు మానేసి బాగుపడతారు, మిగిలినవారికి ఇంకా సమయం పడుతుంది. ముందే ఇది తెలిస్తే మధ్యలో నిరుత్సాహం రాదు.

ఎనిమా, సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు బిళ్ల), సబ్బు ముక్క, ఆముదం?

సబ్బు ముక్క లోపలి పొరను కాల్చినంత పని చేస్తుంది, వద్దు. ఆముదం విపరీతమైన మెలిక, విరేచనాలు తెస్తుంది, వద్దు. తాగే పారఫిన్ నూనె ఏడాదిలోపు పిల్లలకు ప్రమాదం: పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. ఫాస్ఫేట్ ఎనిమా రెండేళ్లలోపు పిల్లలకు పెట్టకూడదు, రక్తంలో ఫాస్ఫేట్ పెరిగి, కాల్షియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పిల్లల గ్లిజరిన్ సపోజిటరీ డాక్టరు చెబితే ఒకటి రెండుసార్లు వాడొచ్చు, రోజూ కాదు. నోటితో ఇచ్చే మందు పనిచేస్తుంటే కింది నుంచి ఏదీ పెట్టకపోవడమే మేలు, ఇప్పటికే భయపడుతున్న బిడ్డకు అది ఇంకో భయం.

టాయిలెట్ మీద ఎలా కూర్చోబెట్టాలి?

తిన్న తర్వాత పేగు దానంతటదే కదులుతుంది. కాబట్టి భోజనమైన అరగంట లోపు, ముఖ్యంగా ఉదయం తిన్నాక, రోజూ అదే వేళకు 5 నిమిషాలు కూర్చోబెట్టండి. పది నిమిషాలు దాటొద్దు. కాళ్లు గాల్లో వేలాడితే పొట్టకు బలం రాదు. పాదాల కింద చిన్న పీట వేసి, మోకాళ్లు నడుము కంటే ఎత్తులో ఉండేలా చూడండి, ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించాలి. సీటు పెద్దదైతే పిల్లల సీటు అమర్చండి, లోపల పడిపోతానన్న భయంతోనే బిగించే పిల్లలుంటారు. బుడగలు ఊదించడం మంచి ఉపాయం: ఊదుతుంటే పొట్ట బిగుస్తుంది, కింద వదులవుతుంది.

మెచ్చుకోలు కూర్చున్నందుకు ఇవ్వండి, వచ్చినందుకు కాదు. రావడం బిడ్డ చేతిలో లేదు.

టాయిలెట్ నేర్పుతుంటే ఆపుకోవడం మొదలైంది.

నేర్పడం ఆపేసి డైపరు తిరిగి వేయండి. డైపరులో వెళ్లినా సరే, నొప్పి లేకుండా వెళ్లడం ముందు. మలం ఒక నెల మెత్తగా నడిచాక మళ్లీ మొదలుపెట్టొచ్చు. బడిలో వెళ్లడానికి జంకే పిల్లల కోసం, అడగకుండానే లేచి వెళ్లే అనుమతి ఇమ్మని టీచరుతో ముందే మాట్లాడండి.

మలం మీద ఎర్రటి రక్తం గీతలా కనబడింది.

ఎక్కువగా మలద్వారం దగ్గర చిన్న చీలిక. గట్టి మలం చీల్చుకుంటూ రావడం వల్ల పడుతుంది. మలం మెత్తబడితే అదే మానుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు కూర్చోబెట్టండి, పెట్రోలియం జెల్లీ పలుచగా రాయండి. ఒకసారి డాక్టరు చూడడం మంచిది. రక్తం మలంతో కలిసిపోయి ఉంటే, జిగురుతో ఎర్రటి జెల్లీలా వస్తే, లేదా బిడ్డ ఉండుండి కాళ్లు ముడుచుకుని గట్టిగా ఏడ్చి మళ్లీ నీరసపడుతుంటే పేగులో పేగు దూరి ఉండొచ్చు. ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

పుట్టాక మొదటి నల్లటి మలం 48 గంటలైనా రాకపోతే, లేదా మొదటి నెలలోనే మలబద్ధకం మొదలైతే, పేగు చివర నరాల కణాలు లేకపోవడం వల్ల వచ్చే హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు కోసం పరీక్షించాలి. సుమారు 5000 కాన్పుల్లో ఒకరికి ఇది ఉంటుంది.

ఆకుపచ్చ వాంతి, బిగుసుకుని ఉబ్బిన పొట్ట, జ్వరంతో పాటు నీరసం, బరువు పెరగకపోవడం, మలం ఎప్పుడూ సన్నటి నాడాలా రావడం, నడుము కింద వెన్ను మీద గుంట లేదా వెంట్రుకల కుచ్చు, కాళ్లలో బలహీనత, అప్పటిదాకా వచ్చిన నడక తడబడడం: వీటిలో ఏది ఉన్నా ఇంటి వైద్యం మానేసి చూపించండి. ఆకుపచ్చ వాంతి, ఉబ్బిన పొట్ట అయితే అదే గంటలో.

అన్ని పరీక్షలూ చేయించాలా?

అక్కర్లేదు. దాదాపు 95 శాతం పిల్లల్లో దీని వెనక వేరే జబ్బేమీ ఉండదు, కథ విని పొట్ట నొక్కి చూస్తే తేలిపోతుంది. ఎక్స్‌రే మామూలుగా తీయరు. సరైన మోతాదులో మందు వాడినా లొంగకపోతే థైరాయిడ్, సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడకపోవడం) జబ్బుల కోసం రక్తపరీక్ష రాస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వారాల చీటీ తీసుకెళ్లండి: ఏ రోజు వెళ్లాడు, బ్రిస్టల్ పట్టికలో ఎన్నో రకం, నొప్పి ఉందా, చెడ్డీ పాడైందా, మందు ఎంత వేశారు. ‘అప్పుడప్పుడూ బిగుస్తుంది’ అన్న మాట కంటే ఆ కాగితం చూసి మోతాదు సర్దడం డాక్టరుకు చాలా తేలిక.

తగ్గాక మళ్లీ వస్తే?

జ్వరం, ప్రయాణం, బడి మొదలవడం లాంటి సందర్భాల్లో తిరిగి రావచ్చు. రెండు రోజులు ఉండలు కనబడగానే, పనిచేసిన పాత మోతాదుకు వెంటనే వెళ్లమని డాక్టరుతో ముందే చెప్పించుకుని రాసి పెట్టుకోండి. భయం తిరిగి మొదలవకముందే మలం మెత్తబడితే, అడ్డు తొలగించే మొదటి దశను మళ్లీ చేయాల్సిన పని ఉండదు.